క్రాఫ్ట్ బీరు రుచి చూడటం ఎలా మొదలుపెట్టాలి? ముందు డబ్బా అడుగు చూడండి

“క్రాఫ్ట్ బీర్లు కొత్తగా మొదలుపెడుతున్నాను. రేటింగులు చూసి ఎంచుకోవచ్చా? రుచి పట్టడం ఎలా నేర్చుకోవాలి?” అని అడిగారు.

క్రాఫ్ట్ బీరంటే చిన్న బ్రూవరీలు తమ సొంత పద్ధతిలో కాచే బీరు. రేటింగుల సంగతి తర్వాత. ముందు డబ్బా తిరగేసి అడుగున కొట్టిన తేదీ చూడండి. అది చూడకుండా నాలుగున్నర నక్షత్రాలు, రెండు నక్షత్రాలు పంచిపెట్టేవాళ్లను నేను నమ్మను. వాళ్లు బీరు మీద రివ్యూ రాస్తున్నామనుకుంటారు గానీ, సగం మంది రాసేది ఆ బీరు పడి ఉన్న గోదాము మీద.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు దిక్కు. ఉద్యోగం హైదరాబాద్‌లో. కొత్త బీరు ఏది వచ్చినా ఒకటి తాగి, ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటాను. మా ఆవిడ లెక్కలో ఇది తాగుడుకు పెట్టుకున్న ముద్దుపేరు. ఆ విషయంలో ఆమెతో వాదించను.

ఈ తేదీల పిచ్చి నాకు పట్టించింది బీరు కాచేవాళ్లు కాదు, మా ఊరి తాటివనం. ఉగాది పోయిన కొత్తలో ఊరికి పోతూ హైదరాబాద్‌లో రకానికొకటి చొప్పున కొన్ని బీర్లు కొన్నాను. ఒక గోధుమ బీరు డబ్బా, ఒక ఐపీఏ (హాప్స్ అనే చేదు పూలు ఎక్కువ వేసే ఇండియా పేల్ ఏల్), ఒక స్టౌట్ (నల్ల బీరు), ఆకుపచ్చ సీసాలో ఒక మామూలు లాగర్ (బార్లలో రోజూ కనబడే లేత రంగు బీరు). చౌటుప్పల్‌లో ఐస్ కొని థర్మాకోల్ డబ్బాలో సర్దుకున్నాం. పొద్దున్నే బావమరిదితో కలిసి వనానికి పోతే, ఊరి వరసకు నాకు మామ అయ్యే గీత కార్మికుడు అప్పుడే చెట్టు దిగుతున్నాడు. చెట్టెక్కే మోకు, ముత్తాదు తీసి పక్కన పెట్టి, కల్లు లొట్టి (కుండ) మీద ముసురుతున్న ఈగలను ఊది, మా ఇద్దరికీ తాటి రేకల్లో వంచాడు. రెండు రేకలయ్యాక నేను డబ్బా బయటికి తీశాను.

“గిదేందల్లుడా, బీరా?”

“బీరే మామా. గోధుమలతోటి చేసిండ్రు.”

ఎంత అని అడగలేదు. కిక్కెంత అని కూడా అడగలేదు. డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పి, “ఎప్పుడు దించిండ్రు?” అన్నాడు.

అడుగున చూస్తే ఐదు నెలల కిందటి తేదీ ఉంది. చెప్పాను. ఆయన నవ్వు చూడాలి! “ఐదు నెలలా? గన్ని దినాలుంచితే మా కల్లు సిర్కా అయితది, ఆ సిర్కా గూడ సచ్చిపోతది!”

సిర్కా అంటే వెనిగర్. నవ్వితే నవ్వాడు గానీ తాగడానికి వెనకాడలేదు. స్టీలు గ్లాసులో పోసిస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “మాగిన అరటిపండు వాసనొస్తుంది. పండు కలిపిండ్రా?” కలపలేదు. జర్మనీ పద్ధతి గోధుమ బీరులో ఆ అరటిపండు వాసన, దాని వెనకే వచ్చే లవంగం ఘాటు రెండూ బీరును పులియబెట్టే ఈస్ట్ పుట్టించేవే. బవేరియాలో 1516 నాటి శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేవి వాడొద్దంది. గోధుమ బీరు కాచే హక్కు ఆ తర్వాత చాలాకాలం అక్కడి పాలకుల చేతిలోనే ఉంది. ఇదంతా నేను చెప్పబోతుంటే మామ రెండో గుక్క వేసి ముఖం చిట్లించాడు. “ముందుగాల పండు బాగనే ఉంది. ఎనుకంగ తడిసిన అట్టపెట్టె వాసనేంది?”

నేను ముక్కు పెట్టి చూశాను. అదే. గాలి తగిలి, వేడికి పాతబడ్డ బీరుకు పట్టే వాసన సరిగ్గా అదే. బీరు గురించి పుస్తకాలు రాసేవాళ్లు కూడా తడి అట్ట అనే అంటారు. ఈ మనిషి బతుకులో గోధుమ బీరు తాగలేదు, పుస్తకం తెరవలేదు. మరి అదే బీరుకు ఫోన్‌లో చూస్తే నాలుగుకు పైనే రేటింగు, కింద “రిఫ్రెషింగ్” అని డజను కామెంట్లు!

మేం మాటల్లో ఉండగా బావమరిది ఆకుపచ్చ సీసాను తీసి గట్టు మీద ఎండలో పెట్టాడు. తర్వాత తీసి పోస్తే గంధకం కంపు. దానిలో దెయ్యమేమీ లేదు. హాప్స్ పూల నుంచి వచ్చే చేదు పదార్థాలు ఎండ తగిలితే విరిగిపోయి ఆ కంపు పుట్టిస్తాయి, అదీ నిమిషాల్లో. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, డబ్బా పూర్తిగా కాపాడుతుంది, ఆకుపచ్చ సీసా మాత్రం చూడటానికే. వైన్ షాపు ముందు ఎండలో పేర్చిన డబ్బాలు, అద్దాల ఫ్రిజ్‌లో ట్యూబ్‌లైట్ పక్కన రోజుల తరబడి నిలబడ్డ సీసాలు చూస్తే ఇప్పుడు నాకు కడుపు మండుతుంది. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద గోదాములో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఐపీఏ ఇస్తే మామ “వేపాకు కషాయం” అని గ్లాసు తిరిగిచ్చేశాడు. స్టౌట్ మాత్రం మారు మాట్లాడకుండా అయిపోగొట్టి, “గిది మంచిగుంది. అడుగంటిన గట్క వాసన” అన్నాడు. గట్క అంటే మా దిక్కు జొన్న సంకటి. బాగా వేయించి నల్లబరిచిన బార్లీ వాసన అది. స్టౌట్‌ది కూడా దాదాపు అంత పాత తేదీయే, కానీ దాని మీద వయసు అంతగా కనపడలేదు. నల్లగా, చిక్కగా ఉండేవి పాతదనాన్ని ఓర్చుకుంటాయి. హాప్స్ వాసన మీద బతికే ఐపీఏలు ఓర్చుకోలేవు, వాటిలో మొదట పోయేది ఆ వాసనే. ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా వచ్చి “ఐపీఏ అంటేనే ఇంగ్లండు నుంచి ఇండియాకు నెలల తరబడి ఓడలో వచ్చిన బీరు కదా” అంటారు. అవును, హాప్స్ ఎక్కువ వేస్తే బీరు పులిసిపోకుండా నిలుస్తుంది. కానీ పులవకపోవడం వేరు, పూల వాసన మిగలడం వేరు. మీరిప్పుడు డబ్బులు పెట్టేది ఆ వాసనకే.

మా దిక్కు కల్లు తాగేవాడు ఎవరూ బ్రాండు అడగడు. పోద్దాడుదా (మగ తాటిదా), పండుదాడుదా (ఆడ తాటిదా), ఎవరి చెట్టుది, ఎప్పుడు దించింది, అంతే. లొట్టిలో పడుతున్నప్పుడే పులవడం మొదలయ్యే సరుకు కల్లు. గాలిలో, లొట్టి గోడలకు ఉండే ఈస్ట్, బ్యాక్టీరియా దాని పని పట్టేస్తాయి. పొద్దున తియ్యగా, మధ్యాహ్నం ఘాటుగా, మాపటికి పుల్లగా ఉంటుంది. దీన్ని పులవకుండా ఆపాలంటే లొట్టికి లోపల సున్నం పూస్తారు, అలా పులవకుండా దించిన తియ్యటి రసమే నీరా. రోజూ ఈ తేడాలు పట్టే ముక్కుకు బీరులో పాత వాసన పట్టడం ఒక లెక్క కాదు. రివ్యూలు రాసే మనమేమో ఆ బుద్ధిని ఊళ్లోనే వదిలేసి, పట్నం పోయి “లీచీ, పాషన్ ఫ్రూట్ ఛాయలు” అని రాస్తాం. పాషన్ ఫ్రూట్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు? పచ్చి చింతకాయ, మామిడి పూత, మాగిన అరటిపండు, మాడిన గట్క అని రాస్తే చదివేవాడికి వెంటనే తెలుస్తుంది కదా.

కల్లు అన్నానని పట్నం కాంపౌండ్లలో దొరికేదాన్ని దీనితో కలపకండి. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్మేవాళ్ల మీద ఏళ్లుగా కేసులు పెడుతూనే ఉన్నారు, జనం ఆసుపత్రుల పాలవుతూనే ఉన్నారు. చెట్టు ముఖం చూడని తెల్లనీళ్లవి. నేను చెప్పేది కళ్లముందు దించిన కల్లు గురించి.

ఇక నా రెండో గోడు నురగ. మన పర్మిట్ రూముల్లో నురగ కనబడితే తూకంలో మోసం జరిగినట్టు చూస్తారు. గ్లాసు పక్కకు వంచి, బొట్టు నురగ రాకుండా పోస్తే అదో పనితనం. అయ్యా, వాసన మోసేదే నురగ! గోధుమ బీరు మీద రెండు వేళ్ల నురగ లేకపోతే అరటిపండు లేదు, లవంగం లేదు. మూడోది చిల్డ్. గొంతు తిమ్మిరెక్కేంత చల్లగా ఇస్తేనే మంచి బీరంటారు. అంత చలిలో నాలుకకు చేదు, తీపి ఏదీ తెలియదు. మంచు పట్టిన మగ్గులో పోసిన బీరు, నా దృష్టిలో, ఏదో దాచిపెడుతోంది. తెచ్చాక పది నిమిషాలు అలాగే వదిలేయండి, ఈలోగా గుడాలు తినండి. సగం గ్లాసయ్యాక వచ్చే రుచే అసలు రుచి. పాత బీరు బండారం కూడా అక్కడే బయటపడుతుంది.

కొందరు నాతో “ఇంత ఆలోచన ఎందుకన్నా, 650 సీసా స్ట్రాంగ్ ఒకటి కొట్టు” అంటారు. సీసా మీద ఆల్కహాల్ 8 శాతానికి మించదని రాసి ఉంటుంది, మా దిక్కు ఎక్కువమంది చదివే రివ్యూ అదొక్కటే. వాళ్ల డబ్బు వాళ్లిష్టం. కానీ రుచి నేర్చుకోవాలని అడిగారు కాబట్టి చెప్తున్నా, కిక్కు చూసుకునేవాడికి రుచి పట్టుబడదు.

సరే, మీ ప్రశ్నకు వస్తా. గోధుమ బీరుతో మొదలుపెట్టండి, చేదు తక్కువ, వాసన ఎక్కువ. జర్మనీది ఒకటి, బెల్జియంది ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. బెల్జియం రకంలో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన ముక్కుకు ధనియాలు పరిచయం చేయాల్సిన పని లేదు కాబట్టి అక్కడి నుంచి దారి సులువు. హూగార్డెన్ అనే ఊళ్లో ఈ రకం కాచే చివరి బ్రూవరీ 1950లలో మూతపడితే, పియర్ సెలిస్ అనే పాలు పోసే మనిషి 1966లో మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు ఆ ఊరి పేరుతోనే సీసా మన దగ్గర దొరుకుతోంది. ఆ తర్వాత స్టౌట్‌కు పోండి, ఐపీఏ చివరన పెట్టుకోండి. ఒకే రోజు అన్నీ తాగేటట్టయితే లేత రంగు నుంచి ముదురుకు, చిన్న గ్లాసుల్లో, మధ్యమధ్య నీళ్లు తాగుతూ. బండి తాళాలు ఇంట్లో పెట్టి పోండి.

వీలైతే డబ్బా కంటే ట్యాంకు బీరే నయం, అంటే మైక్రోబ్రూవరీలో అక్కడే కాచి ట్యాంకు నుంచి నేరుగా పోసేది. తెలంగాణలో మైక్రోబ్రూవరీల నిబంధనలు 2015లో వచ్చాక హైదరాబాద్‌లో ఆ సౌకర్యం దొరికింది. వాళ్ల బీరు సాధారణంగా పాశ్చరైజ్ (నిలవ ఉండటానికి వేడి) చేయరు, లారీ ఎక్కదు, ఎండ చూడదు. కానీ అక్కడ కూడా కూర్చోగానే మెనూ చూడకండి. ఆర్డర్ తీసుకునే అబ్బాయిని పిలిచి, “తమ్మీ, ఏ ట్యాంకు ఎప్పుడు తెరిచిండ్రు?” అని అడగండి. ఒకచోట నేనలా అడిగితే “అన్నీ ఫ్రెష్షే సార్” అన్నాడు. అన్నీ ఫ్రెష్షే అంటే ఏదీ తెలియదని. మెల్లగా చెప్పి లోపలికి పంపితే కనుక్కొచ్చి, గోధుమ బీరు నిన్ననే తెరిచారని, పాటలు గట్టిగా పెట్టిన ఆ గదిలో నా చెవిలో అరిచి చెప్పాడు. అది బాగుంది. ఎంత అడిగినా జవాబు రాకపోతే గొడవ పెట్టుకోకండి, ఆ రోజుకు స్టౌట్ తెప్పించుకోండి.