ఒక జన్యువు కోసం లక్షల బ్యాక్టీరియా జీనోముల్లో (మొత్తం డీఎన్ఏ క్రమాల్లో) వెతికితే దొరికిన హిట్లను, అంటే పోలిన చోట్లను, బొమ్మగా ఎలా చూపాలి?

కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మందును తట్టుకునే శక్తినిచ్చే ఎంసీఆర్-1 జన్యువునే తీసుకుందాం. దాన్ని లక్షల జీనోముల్లో వెతికితే వేల వరుసల పట్టిక వస్తుంది. ముందు పోలిక శాతం ఒక అక్షం మీద, జన్యువులో ఎంత భాగం కలిసిందో మరో అక్షం మీద పెట్టి చుక్కల బొమ్మ వేయండి. తెగిన ముక్కలు అక్కడే విడిపోతాయి. తర్వాత ఆ బ్యాక్టీరియాల వంశవృక్షం, దాని పక్కన హీట్‌మ్యాప్ (విలువలను రంగులతో చూపే పట్టిక). ఇందుకు వంశవృక్షాలు గీసే ఆన్‌లైన్ సాధనం ఐటాల్ (iTOL) చాలు. దూరపు కొమ్మల మీద కూడా ఎంసీఆర్-1 కనిపిస్తే, అది ప్లాస్మిడ్ల (ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి వెళ్లగల చిన్న డీఎన్ఏ ముక్కల) ద్వారా పాకిందని అనుమానించవచ్చు.

అసలు టెన్షన్ లెక్కల దగ్గరే. 2021లో వెలువడిన 6,61,405 జీనోముల సేకరణలో దాదాపు 90 శాతం కేవలం 20 జాతులవే! సాల్మొనెల్లా బ్యాక్టీరియాలో హిట్లు ఎక్కువంటే, దాన్ని ఎక్కువగా సీక్వెన్స్ చేశారనే (దాని డీఎన్ఏ క్రమాన్ని ఎక్కువసార్లు చదివారనే) అర్థం కావచ్చు. కాబట్టి హిట్ల సంఖ్య కాదు, ఒక్కో జాతిలో వెతికిన జీనోముల్లో ఎంత శాతంలో దొరికిందో చూపండి. వెతికిన మొత్తం సంఖ్యనూ పక్కనే రాయండి.