పాత క్యాంపస్ కార్టూన్ మ్యాప్ ఏ కాలం నాటిదో ఎలా తెలుస్తుంది?

అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ కార్టూన్ మ్యాప్ (బిల్డింగులూ సరదా బొమ్మలూ గీసిన మ్యాప్) పాతది దొరికింది, సంవత్సరం వేసి లేదు, ఎప్పటిదో ఎలా తెలుస్తుంది, లామినేషన్ చేయించవచ్చా అని అడిగారు కదా. ముందు రెండోది చెప్తా: దయచేసి లామినేషన్ జోలికి వెళ్లకండి. ఆ ప్లాస్టిక్ ఒకసారి అతుక్కుందంటే మళ్లీ కాగితం పాడవకుండా ఊడిరాదు.

నేను అక్కడ చదువుకునేటప్పుడు అద్దెకున్న ఇంటి హాల్లో ఇలాంటిదే ఒకటి ఫ్రేము కట్టి ఉండేది, ఇంటావిడ వాళ్ల నాన్నగారిది. దాని మీదా సంవత్సరం లేదు. ఆవిడా నేనూ ఒక్కో బిల్డింగే చూసుకుంటూ పోయాం. ఇంటర్నేషనల్ హౌస్ అనే విద్యార్థుల హాస్టల్ ఉంది, అంటే 1930 తర్వాతిదే. ఒక మూల శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లే బే బ్రిడ్జి మీద కార్లు పోతున్నాయి, అది తెరిచింది 1936 నవంబరులో. 1941లో కట్టిన స్ప్రౌల్ హాల్ ఉండాల్సిన చోట ఇంకా షాపులే ఉన్నాయి. అక్కడికే నాలుగైదేళ్ల తేడాలోకి వచ్చేశాం. ఒక్కోసారి ఇంకా కట్టని బిల్డింగులు కూడా ముందే గీసేస్తారు, అందుకని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

అలాంటప్పుడు మ్యాప్‌లో గీసిన జోకులు పనికొస్తాయి, నిజానికి నాకు అవే ఎక్కువ ఇష్టం. మా మ్యాప్‌లో ఎలుగుబంటి, అంటే బర్క్‌లీ గుర్తు, గొడ్డలిని ట్రోఫీలా పైకెత్తి పట్టుకుని గంతులేస్తోంది. ఆ గొడ్డలి స్టాన్‌ఫర్డ్ వాళ్లది, 1899లో బర్క్‌లీ కుర్రాళ్లు ఎత్తుకొచ్చారు, 1930లో వాళ్లొచ్చి పట్టుకుపోయారు, 1933 నుంచి రెండు యూనివర్సిటీల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గెలిచినవాళ్లకే ఇస్తున్నారు, అంటే ఆ జోకు కూడా 1933 తర్వాతిదే అయ్యుండాలి. గడియారం ఉన్న క్యాంపనీలే టవర్ కింద ఒకడు జారిపోతున్న పుస్తకాలు గడ్డంతో అదిమిపట్టి క్లాసుకి పరిగెడుతుంటాడు, ఆ క్యాంపస్ ఎత్తు ఎక్కినవాళ్లకి వాడి అవస్థ వెంటనే తెలుస్తుంది.

ఇక అసలుదా, కొత్తగా వేసిన కాపీనా అంటే, మడత గీతల మీద వేలితో మెల్లగా రాసి చూడండి. గీత కంటికి కనిపిస్తూ వేలికి తగలకపోతే ఆ మడత కూడా ప్రింటే. ఫ్రేము కట్టించేటప్పుడు యాసిడ్ లేని మౌంటు బోర్డు (ఫ్రేములో కాగితానికి ఆనించే అట్ట) అడగండి, అద్దం కాగితానికి ఆనకూడదు, ఎండ పడే గోడ వద్దు, సెల్లో టేప్ అసలు వద్దు.

అంచుల్లో, వెనకవైపు చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు గానీ బొమ్మలేసినవాళ్ల సంతకం గానీ ఉందేమో చూసి, ఫొటోలు తీసి అక్కడి బ్యాంక్రాఫ్ట్ లైబ్రరీకి పంపండి, యూనివర్సిటీ పాత రికార్డులు వాళ్ల దగ్గరే ఉంటాయి.