కీమోకి ముందు అమ్మని నడిపించొచ్చా?

పర్లాకిమిడి నుంచి రాశారు. అమ్మగారికి రొమ్ము క్యాన్సరని తేలిందని, రెండు వారాల్లో విశాఖలో కీమో మొదలని, ఈలోగా చుట్టాలంతా ఆవిణ్ణి మంచం దిగనివ్వొద్దంటున్నారని. నాకూ అదే జబ్బు వచ్చింది. మాది బరంపురం, నేనూ విశాఖ వెళ్లే వైద్యం చేయించుకున్నాను. నన్నడిగితే నడిపించండి, ఇవాళ్టి నుంచే.

కీమోకి ముందు నాకు మూడు వారాలు వ్యవధి దొరికింది. మూడు వారాలూ మంచం మీదే ఉన్నాను. మా అత్తగారు మంచినీళ్లు కూడా చేతికే అందించేవారు. ప్రేమతోనే. కానీ మొదటి కీమో అయ్యాక బాత్రూంకి వెళ్లి రావాలంటే గోడ పట్టుకోవాల్సొచ్చింది. అంతా మందు వల్లే అనుకున్నాం. మందొక్కటే కాదు, మూడు వారాలు వాడకుండా వదిలేసిన కాళ్లు కూడా కారణమే. ఆస్పత్రిలో ఏం తినాలో కాగితం ఇచ్చారు గానీ నడక గురించి ఒక్కరూ నోరెత్తలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

రెండో కీమో అప్పుడు ఒక ఫిజియోథెరపిస్టు చెప్తే మొదలుపెట్టాను. మా వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పద్నాలుగు అడుగులు. గిన్నెలో ఇరవై చింతపిక్కలు పోసుకుని, చుట్టుకొకటి చొప్పున పక్క గిన్నెలో వేసేదాన్ని. మందెక్కించిన రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఐదు పిక్కలు దాటేవి కావు. ఐదుతోనే ఆపేసేదాన్ని. రెండో వారం చివరికి ఇరవై అయ్యేవి, మూడో వారంలో గిన్నె రెండుసార్లు ఖాళీ అయ్యేది. మొదట్లో విసుక్కున్న అత్తగారే తర్వాత్తర్వాత పొద్దున్నే గిన్నెలు తెచ్చి అరుగు మీద పెట్టేవారు.

కీమో నీరసం పడుకుంటే తీరేది కాదండీ. పడుకున్నకొద్దీ కండ తగ్గి ఇంకా పెరుగుతుంది. 2022లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ అనే క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా, జబ్బు నయం చెయ్యడానికి వైద్యం జరుగుతున్నప్పుడు నడక లాంటివీ, కండకి బలమిచ్చేవీ రెండూ చేయించమని డాక్టర్లకి సూచించింది. వారానికి మూడుసార్లు అరగంట నడక మంచి లెక్క, కానీ మొదటిరోజే అంత అక్కర్లేదు. పది నిమిషాలు పొద్దున, పది సాయంత్రం చాలు. బలానికి నేను చేసింది ఒక్కటే: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం.

ఆపాల్సిన రోజులూ ఉంటాయి. జ్వరం 100.4 దాటితే నడక మాట అటుంచి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి, తెల్లారనిద్దాం అనుకోకండి. కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా కూర్చోబెట్టెయ్యండి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయంటే పడిపోకుండా చూసుకోవడమే ముఖ్యం. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు పడిపోయి జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయి, అప్పుడు సంతలో, గుడి రద్దీలో నడక వద్దు, డాబానో వరండానో మేలు. కీమోకి ముందు గుండెకి ఎకో అనే స్కాన్ తీస్తే, ఎంత నడవొచ్చో అది చూసిన డాక్టర్నే అడగండి. ఎముకలకి పాకిందన్నా అడక్కుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

మన వైపు ఎండాకాలం ఉక్క సంగతి మీకు తెలిసిందే. పొద్దున నడక ఆరు గంటలకల్లా అయిపోవాలి, పక్కన నీళ్లుండాలి.

ఇంకొకటి, చెప్పులతో నడిపించకండి. కొన్ని కీమో మందులకి అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. నాలుగో కీమో తర్వాత నా కాలి నుంచి చెప్పు జారిపోయినా నాకు తెలియలేదు, వెనక వస్తున్న మా అబ్బాయి తెచ్చిచ్చాడు. మడమ కప్పే మెత్తటి బూట్లు కొనండి. సాయంత్రం పూట తీసుకెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి బిగుతైనవి కొనకుండా ఉంటారు.