హోమ్ పేజీగా గూగుల్ పెట్టినా అడ్రస్ బార్‌లో వెతికితే బింగ్ ఎందుకు వస్తోంది?

హోమ్ పేజీ వేరు, అడ్రస్ బార్ వాడే సెర్చ్ ఇంజిన్ వేరు. రెండోదాన్ని బ్రౌజర్ సెట్టింగ్స్‌లో విడిగా మార్చుకోవాలి.

అడ్రస్ బార్‌లో మీరు కొట్టింది వెబ్‌సైట్ చిరునామాలా ఉంటే బ్రౌజర్ నేరుగా అక్కడికే వెళ్తుంది. లేకపోతే ఆ మాటల్ని తన దగ్గరున్న సెర్చ్ ఇంజిన్ లింకుకు తగిలించి పంపుతుంది. ఆ లింకు ఎవరిదైతే వాళ్లే డిఫాల్ట్. ఎడ్జ్ బ్రౌజర్, బింగ్ రెండూ మైక్రోసాఫ్ట్‌వే కాబట్టి ఎడ్జ్‌లో మొదట బింగే ఉంటుంది. ఈ చోటు విలువ తక్కువేం కాదు: ఆపిల్ బ్రౌజర్ సఫారీలో డిఫాల్ట్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కు సుమారు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది.

ఉదాహరణకు ఎడ్జ్‌లో ‘శ్రీశైలం బస్సులు’ అని కొడితే బింగ్ ఫలితాలు వస్తాయి. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ, సెర్చ్ అండ్ సర్వీసెస్’ కింద ‘అడ్రస్ బార్ అండ్ సెర్చ్’ తెరిచి గూగుల్ ఎంచుకుంటే, అవే మాటలు గూగుల్‌కి వెళ్తాయి. క్రోమ్‌లోనైతే సెట్టింగ్స్‌లోనే ‘సెర్చ్ ఇంజిన్’ అని కనిపిస్తుంది, వెతుక్కునే పనే లేదు.

హోమ్ పేజీ మారిస్తే అన్నీ మారిపోతాయనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. హోమ్ పేజీ అంటే హోమ్ బటన్ నొక్కితే తెరుచుకునే పేజీ, అంతే. ఒకవేళ సరిగ్గా మార్చాక కూడా పాతదో, ఎన్నడూ పేరు వినని సెర్చ్ ఇంజినో మళ్లీ వస్తుంటే, అది చాలాసార్లు ఏదో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా చేర్చిన చిన్న ప్రోగ్రామ్) పని. దాన్ని తీసేశాక మార్చండి.