రెండో గడ్డకూ బయాప్సీ కావాలి

చెన్నై

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

నెల్లూరు పెద్దాయన రిపోర్టులు చూశాను. బుగ్గలో స్క్వామస్ క్యాన్సర్, అంటే పైపొర కణాల్లో పుట్టేది, పెట్ స్కాన్‌లో అన్నవాహిక మధ్యలో ఇంకో మచ్చ. దాన్ని 'మెటాస్టాసిస్', అంటే బుగ్గది పాకిందే అని రాసేయకమ్మా. ఆ ఒక్క మాటతో, నయమయ్యే అవకాశం ఉన్న మనిషి నాలుగో స్టేజీలో పడతాడు. నోటి క్యాన్సర్ అన్నవాహికకు పాకడం అరుదు. గుట్కా, సిగరెట్టు, మందు కలిసి నోటి నుంచి అన్నవాహిక దాకా పొరనంతా పాడుచేస్తాయి, అందుకే రెండు చోట్ల వేర్వేరుగా పుడుతుంది.

ఎండోస్కోపీలో లుగాల్ అయొడిన్ చల్లమను. అయొడిన్ పడదేమో, థైరాయిడ్ జబ్బు ఉందేమో ముందే అడుగు. మంచి పొర గోధుమరంగుకు తిరుగుతుంది, చెడిన చోట రంగు పట్టదు. అక్కడి నుంచే ముక్క తీయాలి. పాథాలజిస్టును రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూడమను. రెండూ స్క్వామసే కనుక ఆ కణాలను గుర్తుపట్టే పి40 పరీక్ష రెండింట్లోనూ పాజిటివ్ వస్తుంది, దానితో ఏమీ తేలదు. గడ్డ అంచున ఇన్‌సైటు మార్పు, అంటే ఇంకా పొర దాటని తొలిదశ క్యాన్సర్, కనిపిస్తే అక్కడే పుట్టిందనడానికి గట్టి ఆధారం. వారెన్, గేట్స్ 1932లో చెప్పిన షరతులు ఇప్పటికీ చాలు: రెండూ క్యాన్సర్లే అయ్యుండాలి, విడిగా ఉండాలి, ఒకటి ఇంకోదాని పిల్ల కాకూడదు.

ఇక ఏ జబ్బుకు ముందు వైద్యం అన్న వరస. ఏది ముందు ప్రాణం మీదికి తెస్తుందో దాన్నిబట్టి ట్యూమర్ బోర్డు, అంటే అన్ని విభాగాల క్యాన్సర్ డాక్టర్లూ కూర్చుని, తేల్చాలి. రెండోది మెల్లగా పెరిగే చిన్న పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అయితే ఆగుతుంది, ఇక్కడ ఏదీ ఆగదు. రెండింటికీ రేడియేషన్ పడేట్టయితే ఒకే సీటీ మీద ప్లాన్ వేయించు. మెడ ఫీల్డు, ఛాతీ ఫీల్డు కలిసేచోట వెన్నుపాము డోసు రెండూ కూడితే ఎంతో చూడు. 45 గ్రే (రేడియేషన్ కొలత) దాటకపోతే నిశ్చింత. రెండు కీమోలు ఒకదాని మీద ఒకటి వేయొద్దు. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల లెక్కన వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తే రెండింటి మీదా పనిచేస్తుంది. ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ క్లియరెన్స్, వినికిడి పరీక్ష చేయించు.

చాలామంది పొరపాటుపడేది తిండి గొట్టం దగ్గర. మింగలేకపోతున్నాడని పొట్ట మీంచి జీర్ణాశయంలోకి వేసే పెగ్ గొట్టం పెట్టించకు. రేపు అన్నవాహిక తీసేస్తే ఆ జీర్ణాశయాన్నే పైకి లాగి అతకాలి, దాని రక్తనాళం దెబ్బతింటే సర్జన్ చేతులు కట్టేసినట్టే. ముక్కు గొట్టం దిగకపోతే జెజునాస్టమీ, అంటే చిన్నపేగులోకి గొట్టం, చేయించు. వారాల తరబడి తిననివాడికి మొదటి రోజే పూర్తి ఫీడు ఎక్కించకు. ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, ఫాస్ఫేటు, పొటాషియం రోజూ చూసుకుంటూ పెంచు.

డిశ్చార్జి సమ్మరీలో రెండు జబ్బులూ, రెండు స్టేజీలూ విడివిడిగా రాయి. రేడియేషన్ ప్లాన్ సీడీ ఇంటివాళ్ల చేతికివ్వు. మూడోది వస్తే ఎక్కడ ఎంత డోసు పడిందో దాన్ని చూసే చెప్పాలి.