కారేది ఒకచోట, దిగేది ఇంకోచోట

ప్రశ్న: సార్ నమస్తే. మాది సామర్లకోట దగ్గర, డాబా వేసి పద్దెనిమిదేళ్లయింది. వానాకాలం వస్తే చాలు బెడ్‌రూంలో ఫ్యాన్ చుట్టూ చెమ్మ, మొన్న ముసురుకి మంచం పక్కనే పెచ్చు ఊడి పడింది. ఇప్పటికి రెండుసార్లు పైన సిమెంట్ వేయించాం, ఏడాది బాగానే ఉంటుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు మేస్త్రీ గారు ఇంకో రెండంగుళాలు వేసి తెల్ల పెయింట్ కొట్టేద్దాం అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దమ్మా, ఆగండి. రెండంగుళాల సిమెంట్ పొర అంటే వెయ్యి చదరపు అడుగుల డాబా మీద దాదాపు తొమ్మిది పది టన్నుల బరువు. ఇప్పటికే రెండు పొరలున్నాయి, కింద పెచ్చులు ఊడుతున్నాయి, అలాంటి స్లాబ్ నెత్తిన మూడో మూట ఎందుకు పెడతారు చెప్పండి.

ముందు మెయిన్ బోర్డులో ఆ ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపేయండి, మంచం అక్కడ్నుంచి జరపండి. ఫ్యాన్ దగ్గర చెమ్మ కనపడిందంటే సరిగ్గా దాని పైనే పగులు ఉందనుకోకండి, స్లాబ్ లోపల కరెంటు పైపులు వేసి ఉంటారు కదా, నీళ్లు ఎక్కడో దిగి ఆ పైపు వెంట నడుచుకుంటూ వచ్చి ఫ్యాన్ బాక్స్ దగ్గర బయటపడతాయి. మీకు రెండుసార్లూ పని చేసింది బహుశా కారిన చోటికే, దిగిన చోటికి కాదు.

దిగే చోటు పట్టుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. వాన వెలిసిన గంటకి సుద్దముక్క పట్టుకుని పైకెక్కండి, నీళ్లు ఇంకా నిలబడి ఉన్నచోటల్లా చుట్టూ గీత గీయండి. వాలు సరిగ్గా ఉంటే నీళ్లు తూము వైపు పోవాలి, పోలేదంటే అక్కడ గుంట ఉన్నట్టు, లేదా తూము మూసుకుపోయినట్టు. మా ఇంట్లో ఓ ఏడాది ఎంత వెతికినా దొరకలేదు, చివరికి వర్షం నీళ్ల పైపులో మా మనవడి రబ్బరు బంతి, దాని మీద వేపాకు చెత్త ఇంత మందాన పేరుకుని ఉంది. స్లాబ్‌ని తిట్టుకున్నదంతా వేస్ట్!

తర్వాత పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల చుట్టూ చూడండి, ఎక్కువ ఇళ్లలో దొంగ అక్కడే ఉంటాడు. ట్యాంకు కింద కూడా, అది పొంగినప్పుడల్లా నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పిట్టగోడలో రావి మొక్క ఉంటే పైపైన పీకేసి వదిలేయొద్దు, వేరు లోపలే ఉంటుంది, మళ్లీ చిగురేస్తుంది, ఆ భాగం చెక్కించి వేరు తీయించి పూడ్పించాలి. ఇంకా అనుమానంగా ఉంటే రెండు మూడు అడుగుల ముక్కకి చుట్టూ బంకమట్టితో కట్ట పోసి అంగుళం నీళ్లు ఒక రోజు నిలబెట్టండి, కింద చెమ్మ పెరుగుతుందేమో చూసి తర్వాత పక్క ముక్క. పెచ్చులు ఊడుతున్న భాగం మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

పెచ్చుల సంగతి వేరే, అది అందం సమస్య కాదు. నీళ్లు తగిలి లోపల ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఉబ్బి కింద కాంక్రీటుని తోసేస్తుంది. కర్రతో సీలింగ్ తట్టి చూడండి, డొల్లగా మోగినంత మేరా తీయించాల్సిందే. కడ్డీల తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో, అంటే సిమెంట్ ఇసుక మాలుతో పూడుస్తారు. కడ్డీలు సన్నబడి కనిపిస్తే మేస్త్రీ మాట వినకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. పుట్టీ పెట్టి రంగేస్తే ఇంకో సీజన్ మూసిపెట్టినట్టే.

తెల్ల పెయింట్ గురించి ఒక మాట. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కదా, ఆ కూల్ పెయింట్లు ఎండ వేడి తగ్గించడానికి, అవన్నీ నీళ్లు ఆపుతాయని కాదు. డబ్బా మీద వాటర్‌ప్రూఫింగ్ అని ఉందో లేదో చూసి కొనండి. అది కూడా పగుళ్లు చెక్కి పూడ్చాక, స్లాబ్ బాగా ఆరాక, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా కనీసం రెండు పూతలు, పిట్టగోడ మూలల్లో ఫైబర్ మెష్, అంటే వల లాంటి గుడ్డ పెట్టి. తడి మీద వేస్తే పొట్టులా లేచిపోతుంది. మే నెలలో చేయిస్తే మంచిది కానీ మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న స్లాబ్ మీద వేయనివ్వకండి, పొద్దున్నే కానిచ్చేయమనండి.

మీ కోస్తా వాళ్లకి జూన్ వానలతో అయిపోదు, అసలు దెబ్బ అక్టోబర్, నవంబర్ తుపాన్లదే, కాబట్టి సెప్టెంబర్ ఆఖర్లో ఇంకోసారి చీపురు పట్టుకుని ఎక్కాల్సిందే.

ప్రశ్న: మాది జగిత్యాల వైపు పాత పెంకుటిల్లు సార్, కోతులు పెంకులు లేపేస్తున్నాయి, ఏం చేయాలి?

జవాబు: కోతులకి నా దగ్గర మందు లేదు బాబూ, మా ఊళ్లోనే ఓడిపోయాం. పెంకులకైతే చెప్తా. బెంగళూరు పెంకులైతే ఒకే అచ్చువి ఓ ముప్పై అదనంగా కొని పెట్టుకోండి, వేరే కంపెనీవి గాళ్లు కలవక సందుల్లోంచి కారుతుంది. పగలు గది తలుపులు మూసి లోపల్నుంచి పైకి చూడండి, వెలుతురు చుక్క కనపడ్డ చోట పెంకు జరిగినట్టే. సరిచేయడానికి ఎక్కేటప్పుడు పెంకుల మీద నేరుగా కాలు వేయకండి, కింద వాసాల మీద బరువు పడేలా నిచ్చెన పడుకోబెట్టి దాని మీద నడవండి, వాన తడి ఉన్నరోజు అసలు ఎక్కొద్దు.