డీఎంఎస్ఓ వెల్స్‌లోనే సెల్స్ చనిపోతుంటే

తమ్ముడూ, తార్నాకలో మీ ల్యాబ్‌లో పరీక్షించే కాంపౌండ్ లేకుండా, దాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ ఒక్కటే వేసిన వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) కూడా ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ సెల్స్ చనిపోతున్నాయన్నావు కదా, తేడా నీ స్టాక్‌లోనే, అంటే కాంపౌండ్‌ని డీఎంఎస్ఓలో కరిగించి పెట్టుకున్న గాఢ ద్రావణంలోనే ఉంది. 10 మిల్లీమోలార్ స్టాక్‌తో 100 మైక్రోమోలార్ డోసు వేస్తే వెల్‌లో డీఎంఎస్ఓ 1 శాతం అవుతుంది, అది ఎక్కువ. స్టాక్ 50 మిల్లీమోలార్ చెయ్యి, 0.2 శాతానికి దిగుతుంది, కంట్రోల్‌తో సహా అన్ని వెల్స్‌లోనూ అంతే ఉంచు. మీడియంలో వేశాక మైక్రోస్కోప్ కింద సన్నటి సూదుల్లా స్ఫటికాలు కనిపించాయంటే కాంపౌండ్ కరగలేదన్నమాట, ఆ డోసు వదిలెయ్.

ఇంకోటి, సెల్స్ లేని వెల్‌లో కాంపౌండ్, ఎంటీటీ (బతికున్న సెల్స్ ఊదారంగుకి మార్చే రసాయనం) మాత్రమే వేసి చూడు. అక్కడా ఊదారంగు వస్తే ఆ రంగుని కొలిచే 570 నానోమీటర్ల రీడింగ్‌ని అస్సలు నమ్మకు. పోల్చుకోడానికి, సెల్స్‌ని చంపుతుందని ముందే తెలిసిన క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్ వేసిన వెల్స్ తప్పకుండా పెట్టు. ఇవన్నీ కుదిరాక క్యాన్సర్ కాని రొమ్ము సెల్స్ ఎంసీఎఫ్-10ఏ మీద కూడా చెయ్యి, మామూలు సెల్స్‌నీ చంపేసే మందు ఏ పేషెంటుకి పనికొస్తుంది?